చారల చొక్కాయికి ఆ లెక్క లేదు

ఈ సోమవారం ఉదయం ఏడు గంటల ఇరవై రెండు నిమిషాలకు, తిరుపతిలో మా వంటింటి గట్టు మీద, కాఫీ ఫిల్టరుకు ఆనించి పెట్టిన ఫోనులోంచి విజిల్ మోగింది. సన్నటి మోత, చెవిలో సూది గుచ్చినట్లు ఉంటుంది. వెంటనే తెర మీద ఒక పసుపుపచ్చని గుడ్డ గాలిలోకి లేచి పచ్చిక మీద పడింది. స్టవ్ మీద పాలు అంచు దాకా వచ్చాయి. నేను చెయ్యి చాచలేదు. అమెరికాలో ఏదో నగరంలో, నిండిన ఫుట్‌బాల్ మైదానం నడుమ, నలుపు తెలుపు చారల చొక్కా వేసుకున్న పెద్దమనిషి నడుము దగ్గరి మీట నొక్కి, జనమంతా వినేలా మైకులో చెప్పాడు: ఫలానా నంబరు ఆటగాడు, ఫలానా తప్పు, ఇన్ని గజాల శిక్ష. జనం గోల పెట్టారు. ఆయన పక్కకు వెళ్ళి సహచరులతో మాట్లాడాడు. తిరిగి వచ్చి మళ్ళీ మీట నొక్కి, తప్పు జరగలేదు, తీర్పు వెనక్కు తీసుకుంటున్నాము అన్నాడు. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. నేను ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టాను.

మా ఆవిడ పరుగున వచ్చింది. "పాలు పొయినా సప్పట్లేనా? ఎవురు గెలిసినారు?"

"ఇంకా ఎవరూ గెలవలేదు. రెఫరీ తప్పు ఒప్పుకున్నాడు."

"అయితే రూతమ్మ మేడం గెలిసింది అనండి," అంటూ ఆమె గుడ్డ తీసుకుని స్టవ్ తుడవసాగింది.

రూతమ్మ మేడంను చూడనివారి కోసం ఇది రాస్తున్నాను. ఆమె చిత్తూరులో ఒక బాలికల పాఠశాలలో డ్రిల్లు టీచరుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత తిరుపతిలో మా పక్క వీధిలో స్థిరపడ్డారు. మా గడప నుంచి వారి గడపకు నా నడకలో నాలుగు వందల పది అడుగులు. అన్నిటికీ మించి ఆమె కబడ్డీ రెఫరీ. మనిషి పొట్టి. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపి, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని కోర్టు పక్కన నిలబడేవారు. మగవాళ్ళ పోటీలకూ ఆమే విజిల్ పట్టేవారు. ఆడమనిషి ఏం తీర్పు చెబుతుందిలే అని మొదటి సగంలో నవ్విన వాళ్ళు రెండో సగంలో ఆమె చేతి వైపే చూసేవాళ్ళు. ఆమె పరుగెత్తగా నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఎక్కడ వేలు తగిలిందో, ఎక్కడ మడమ గీత దాటిందో, అక్కడికి రెండు గజాల లోపే ఆమె ఉండేవారు. ఇది ఎలా సాధ్యమో ఇరవై ఏళ్ళు పక్కన నిలబడి కూడా నేను లెక్క కట్టలేకపోయాను.

నా వృత్తి భూమి కొలవడం. లైసెన్సు ఉన్న సర్వేయరును. ఇరవై రెండో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ఏ గంటకు ఏమి జరిగింది, ఎంత దూరంలో జరిగింది, ఎవరు ఏమన్నారు అన్నది రాయనిదే నాకు ఆ రోజు ముగిసినట్లు ఉండదు. ఇక్కడి సంభాషణలు ఆ డైరీలలోనివి. మేడం మాట ఎలా విన్నానో అలాగే ఉంచాను.

మొదటిసారి కలిసినప్పుడు నా వయసు ముప్పై ఒకటి. చిత్తూరులో బాలికల టోర్నమెంటుకు కోర్టు గీసిపెట్టమని నిర్వాహకులు నన్ను పిలిచారు. ఉక్కు టేపు, దారం, సున్నం తీసుకుని తెల్లవారకముందే వెళ్ళాను. మూలలు లంబకోణంలో ఉన్నాయో లేదో కర్ణాలు కొలిచి మరీ సరిచూసుకున్నాను. అంత చక్కటి కోర్టు ఆ మైదానం చూసి ఉండదని నాలో నేను మురిసిపోతున్నాను. మేడం వచ్చి గీత మీద బూటు పెట్టి ఒకసారి అటూ ఇటూ చూశారు.

"ఎవురప్పా ఈ గీతలు గీసింది?"

"నేనే మేడం. టేపుతో కొలిచినాను. అర అంగుళం తేడా ఉండదు."

"అర అంగుళం కాదప్పా, మీటర్లే తేడా ఉండాది. ఈ పొద్దు ఆడేది ఎవురు?"

"ఆడపిల్లలు."

"ఆడపిల్లోళ్ళ కోర్టు పన్నెండు, ఎనిమిది. నువ్వు గీసింది మొగోళ్ళది. పదమూడు, పది. కొలత బాగుండాది. కోర్టే తప్పు."

ఇంకా ఎవరూ గమనించలేదు, గబగబా చెరిపి మళ్ళీ గీసేస్తాను, అన్నాను. ఆమె నా ముఖంలోకి చూశారు. "గమనించకపోతే?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మైకు దగ్గరకు నడిచారు. "ఆట అరగంట ఆలస్యం. గీతలు తప్పు పడినాయి. గీసినాయన మునిరత్నం, సర్వేయరు, ఈడనే ఉండాడు. మళ్ళీ గీస్తాడు." జనంలో నవ్వు లేచింది. "సర్వేయరప్పా, మా ఇంటి సలం గూడా నువ్వే కొలిసినావా?" అని ఎవరో అరిచారు. చెవులు కాలిపోతుండగా ఇరవై ఆరు నిమిషాల్లో కోర్టు మళ్ళీ గీశాను. ఆ రోజు తొమ్మిది ఆటలు జరిగాయి. గీత గురించి ఒక్క జట్టు కూడా గొడవ పడలేదు. సాయంత్రం మేడం సోడా ఇప్పించి, "సూసినావా, తప్పు మనమే సెప్పినాక గీతను నమ్మినారు," అన్నారు. మరుసటి ఏడు నేను అంపైరు పరీక్ష రాశాను. ఎందుకు రాశావని అడిగితే అప్పట్లో కొలతల మీద ఇష్టం అని చెప్పేవాణ్ణి. నిజానికి ఆ మైకు ముందు నిలబడిన మనిషి పక్కన నిలబడాలని రాశాను.

అమెరికా ఫుట్‌బాల్ ఆమె జీవితంలోకి మోకాలి ఆపరేషను వల్ల వచ్చింది. ఆరు వారాలు మంచం దిగవద్దన్నారు. ఫోనులో పాత కబడ్డీ ఆటలు వెతుక్కుంటూ ఆమె ఈ ఆట మీద పడ్డారు. బంతి గుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి దానికి గుడ్డుబంతి అని పేరు పెట్టారు. ఒకనాడు ఆదరాబాదరాగా నాకు ఫోను చేశారు.

"అప్పా, యాడుండావు? రా ఈడికి. రెఫరీ మైకులో మాట్లాడతాండాడు!"

"ఏ రెఫరీ మేడం?"

"గుడ్డుబంతి రెఫరీ. చారల చొక్కాయాయన. తప్పు పేరు సెప్పినాడు, సేసినోడి నంబరు సెప్పినాడు, ఊరంతా ఇన్నారు! నేను ఇన్నేండ్లు సెప్తే ఈడ నన్ను పిచ్చిదన్నారు గదప్పా!"

నాలుగు వందల పది అడుగులు ఆ రోజు పరుగెత్తాను. అప్పటి నుంచి ఆట రుతువులో ప్రతి సోమవారం ఉదయం ఆమె ముందుగదిలో మా ఇద్దరి సభ. నవంబరులో అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరిపాక, వాళ్ళ ఆదివారం రాత్రి ఆట మనకు సోమవారం ఆరూ యాభైకి మొదలవుతుంది. మాకు ఏ జట్టూ సొంతం కాదు. మేము చారల చొక్కాయిల అభిమానులం. తప్పు కనపడగానే వాళ్ళు విసిరే పసుపు గుడ్డ, తీర్పు నచ్చని కోచ్ విసిరే ఎర్ర గుడ్డ, వీడియో చూసి తీర్పు మార్చడం, మార్చకపోవడం, ఆ తరువాత వారమంతా నడిచే వాదోపవాదాలు, అన్నీ మాకు పండగే. బంతి పది గజాలు సాగిందా లేదా అని ఇద్దరు మనుషులు గొలుసు పట్టుకుని పరుగున వచ్చి కొలిచినప్పుడు నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి. గొలుసు నా వృత్తి కదా! "కూర్చో అప్పా, నీ సుట్టాలు వచ్చినార్లే," అని మేడం ఎగతాళి చేసేవారు.

మా అతి పెద్ద వాదం తొడ కొట్టడం మీద జరిగింది. ఆ ఆటలో ఒకడు గీత దాటి పాయింట్లు సాధించి, కింద పడి ఉన్న ప్రత్యర్థి వైపు వేలు చూపించి వెక్కిరించాడు. పసుపు గుడ్డ పడింది. పదిహేను గజాల శిక్ష. నాకు అన్యాయంగా తోచింది. మన దగ్గర రెయిడర్ పాయింటు తెచ్చి తొడ కొట్టకపోతే జనం ఊరుకుంటారా అన్నాను. "తొడ కొట్టేది ఎవురి దిక్కు తిరిగి?" అని మేడం ఎదురు ప్రశ్న వేశారు. "సొంత జట్టు దిక్కు తిరిగి కొడితే అది సంబరం. కింద పడినోడి మొగం మీద కొడితే పచ్చకార్డు, హెచ్చరికే. సంబరానికీ పొగరుకీ మధ్యన ఒక అర సుట్టు, అంతే." ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. కాని చిత్తూరు జిల్లాలో ఆమె విజిల్ పట్టిన కోర్టులన్నిటిలో రెయిడర్లు పాయింటు తెచ్చాక అర చుట్టు తిరిగి, తమ వాళ్ళ వైపు ముఖం పెట్టి తొడ కొట్టేవాళ్ళు. బయటి జిల్లాల వాళ్ళు చూసి, ఇది ఇక్కడి ఆచారం కాబోలు అనుకునేవారు.

ఆ ఆటలో ఇంకొక నియమం లెక్కల మనిషినైన నాకు మహా ముచ్చటగా ఉండేది. ఒకే విడతలో రెండు జట్లూ తప్పు చేస్తే, రెండు శిక్షలనూ ఒకదానికొకటి కొట్టివేసి, ఆ విడతను మళ్ళీ ఆడిస్తారు. ఒకటిలోంచి ఒకటి పోతే సున్నా. ఎంత శుభ్రమైన లెక్క అని డైరీలో రాసుకున్నాను. ఆ లెక్క వెనక నేను దాక్కోబోతానని అప్పటికి తెలియదు.

కొన్నేళ్ళ కిందట నవంబరులో చిత్తూరులో ఒక టోర్నమెంటు జరిగింది. శనివారం మహిళల ఫైనలు. ఒక పక్క చిత్తూరు, మరో పక్క కార్వేటినగరం. రెఫరీ రూతమ్మ మేడం. ఒక పక్కగీతకు అంపైరును నేను. రెండో పక్క ఇంకొక అంపైరు. కార్వేటినగరం రెయిడర్ కుమారికి పంతొమ్మిదేళ్ళు, ఏడో నంబరు చొక్కా. మామిడి తోటల్లో కూలిపని చేసే నాయన ప్రతి ఆటకూ వెంట వచ్చేవాడు. ఆ పై వారం ఆదివారం గూడూరులో ఒక వృత్తి లీగు జట్టుకు అమ్మాయిలను ఎంపిక చేసే శిబిరం ఉంది. అందులో కుమారి పేరు ముందే ఉందని అందరికీ తెలుసు.

ఆట చివరి రెయిడు. చిత్తూరు ముప్పై ఒకటి, కార్వేటినగరం ముప్పై. కుమారి కూతకు వెళ్ళింది. నా పక్క మూలకు దిగి, ఎడమ కాలు చాచి, మూలన ఉన్న నాలుగో నంబరు అమ్మాయి కాలిని తాకబోయింది. అదే ఊపులో ఆమె కుడి కాలు పక్కనున్న లాబీ అనే మీటరు వెడల్పు పట్టీలో పడింది. మరుక్షణం మధ్యగీత దాటి, తన వాళ్ళ వైపు తిరిగి తొడ కొట్టింది. ఇక్కడ నియమం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఎదుటివారిని తాకిన రెయిడర్‌కు లాబీ కూడా కోర్టే. తాకకముందు లాబీలో కాలు పెడితే రెయిడర్ అవుట్. కాలు తగిలి ఉంటే ముప్పై ఒకటికి ముప్పై ఒకటి. తగలకపోతే ముప్పై రెండుకు ముప్పై, కప్పు చిత్తూరుది. నాలుగో నంబరు అమ్మాయి తగల్లేదని చేతులు ఊపుతోంది. మైదానమంతా నా వైపే చూస్తోంది. నేను విజిల్ ఊది, రెయిడర్ అవుట్ అని చెయ్యి ఎత్తాను.

మేడం నా దగ్గరకు వచ్చారు. "చూసినావా అప్పా?"

"చూసినాను మేడం."

ఆమె ఇక ఎవరినీ అడగలేదు. తుది విజిల్ ఊదారు. ఆ క్షణమే కుమారి నా మీదకు వచ్చింది. "కండ్లు యాడ పెట్టుకోనుండావయ్యా? తగిలింది! బొటనేలికి తగిలింది! ఈ విజిల్ నీకెందుకు?" అని నా మెడలోని విజిల్ పట్టుకుని లాగింది. తాడు తెగింది. మేడం ఎర్రకార్డు చూపించారు. ఎర్రకార్డు పడితే అంపైరు రిపోర్టు రాసి, రెఫరీ సంతకంతో సోమవారం సాయంత్రం అయిదు లోపల జిల్లా సంఘానికి పంపాలి. అలాంటి రిపోర్టు ఉన్న ఆటగత్తెను శిబిరం గేటు కూడా దాటనివ్వరు. కుమారి నాయన తలపాగా గుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ నిలబడటం చూశాను.

ఆ సాయంత్రం డైరీ తెరిచాను. ప్రతి వివాదానికీ కోర్టు పటం గీసి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తు పెట్టడం నా పద్ధతి. గ్రాఫు కాగితం మీద మీటరుకు రెండు సెంటీమీటర్లు చొప్పున కోర్టు వేశాను. నాలుగో నంబరు మూలన. కుమారి కాలి దగ్గర ఒక చుక్క. నేను మధ్యగీత కొసన, పక్కగీతకు రెండడుగులు బయట. నాలుగో నంబరు చెయ్యి పట్టుకుని ముందుకు వంగిన రెండో నంబరు అమ్మాయిని కూడా పెట్టాను. వృత్తి అలవాటు కొద్దీ స్కేలు తీసుకుని నా చుక్క నుంచి కుమారి కాలి చుక్కకు చూపు గీత లాగాను. గీత సూటిగా రెండో నంబరు అమ్మాయి వీపులోంచి పోయింది. స్కేలు తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అలాగే పోయింది. నేను నిలబడిన చోటు నుంచి ఆ కాలు ఏ మనిషికీ కనపడదు. లాబీలో కుడి కాలు చూశాను. మిగిలినది ఊహించాను. ఊహించి, చూశాను అన్నాను. అదీ మేడంతో.

ఆదివారం వాన. ఆ రోజు జరగవలసిన మగవాళ్ళ ఫైనలు సోమవారం సాయంత్రానికి వాయిదా పడింది. సోమవారం ఉదయం గ్రాఫు కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఎప్పటిలాగే మేడం ఇంటికి వెళ్ళాను. ఆమె మోకాలు స్టూలు మీద పెట్టుకుని రాగి మాల్టు తాగుతున్నారు. ఆట మొదలైన కాసేపటికి రెండు జట్ల వాళ్ళు తోసుకున్నారు. రెండు పసుపు గుడ్డలు పడ్డాయి. రెండు తప్పులూ కొట్టివేశారు. నా నోట మాట ఆగలేదు.

"చూసినారా మేడం, ఒకటిలోంచి ఒకటి పోయింది. అట్లనే శనివారం కుమారి విజిల్ పెరికింది, నేను..."

"నువ్వు?"

తెర మీద జనం అరుస్తున్నారు. ఆమె ఫోను శబ్దం తగ్గించారు.

"నేను ఆ కాలు చూడలేదు మేడం."

ఆమె గ్లాసు కింద పెట్టారు. "నేను అడిగినాను గదా."

"అడిగినారు."

"ఏం సెప్పినావు?"

"చూసినాను అని."

కాగితం ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని నా చూపు గీత వెంట వేలు జరుపుతూ, ఆ అమ్మాయి వీపు దగ్గర ఆపారు. చాలాసేపు చూసి, "బాగా గీసినావు," అన్నారు. నా జీవితంలో విన్న తిట్లలో అంత గట్టిది లేదు. నేను తొందరపడి నా లెక్క ముందు పెట్టాను. నాదొక తప్పు, ఆ పిల్లది ఒక తప్పు. రెండూ కొట్టేద్దాం. రిపోర్టు పంపకుండా వదిలేద్దాం. కుమారి శిబిరానికి వెళ్తుంది. ఎవరికీ నష్టం లేదు. ఇది దయలాగా కూడా ఉందని అప్పుడు నాకు నిజంగానే అనిపించింది.

"ఆ లెక్క ఆడేవోళ్ళకప్పా," అన్నారు మేడం. "చారల చొక్కాయికి ఆ లెక్క లేదు. ఆ పాపది ఆవేశం. నీది అబద్ధం. ఏ దేశంలో కొట్టేస్తారు ఈ రెండిట్నీ?"

"మరి ఏం చేయమంటారు?"

"రిపోర్టు రాయి. రెండు పేజీలు. ఒకటో పేజీ నీది, రెండో పేజీ ఆ పాపది. సాయంత్రం ఫైనలుకు జనం వస్తారు. మైకు ఉంటాది." ఆమె లేచి బీరువాలోంచి కాన్వాసు బూట్లు తీశారు. ఆ గొంతులో కోపం కంటే ఉత్సాహమే ఎక్కువగా ఉండటం నన్ను ఆశ్చర్యపరిచింది. "ఆ చారల చొక్కాయాయన సెప్పగల్గితే మనం సెప్పల్యామా? పద!"

చిత్తూరు చేరేసరికి మూడున్నర. మైదానం తడి ఆరక రంపపు పొట్టు చల్లి ఉంది. టోర్నమెంటు కార్యదర్శి విషయం విని తల పట్టుకున్నాడు. "మేడం, ఇప్పుడిది అవసరమా? జనం కుర్చీలు ఇరగ్గొడతారు."

"ప్లాస్టిక్కు కుర్చీలే గదప్పా," అన్నారు మేడం.

మైకు నా చేతిలో పెట్టారు. ఎదురుగా కప్పు గెలిచిన చిత్తూరు అమ్మాయిలు, ఒక మూలన కుమారి, పక్కన ఆమె నాయన. చెప్పవలసినది కాగితం మీద రాసుకున్నాను. చదవలేదు. "శనివారం చివరి రెయిడులో ఏడో నంబరు కాలు తగిలిందో లేదో నేను చూడలేదు. చూడకుండానే రెయిడర్ అవుట్ అన్నాను. చూసినావా అని రెఫరీ అడిగితే చూసినానని అబద్ధం చెప్పినాను." నా గడియారంలో తొమ్మిది సెకన్లు గడిచాయి. తరువాత మైదానం బద్దలైంది. "కప్పు ఎనక్కి ఇయ్యండి!" "ఆయప్పకు కండ్లజోడు ఎయ్యండిరా!" "మళ్ళీ ఆడించండి!" మంచినీళ్ళ పొట్లం ఒకటి వచ్చి నా భుజానికి తగిలి పగిలింది. మేడం వచ్చి నా పక్కన నిలబడి మైకు తీసుకున్నారు.

"ఇనండి. అమెరికాలో ఒక ఆట ఉండాది. ఆడ తప్పు సేసినోడి నంబరు మైకులో సెప్తారు. మాకు చొక్కాయిల మింద నంబర్లు ల్యా. అందుకని పేర్లు సెప్తాండాం. అంపైరు మునిరత్నం చూడకుండా చూసినానన్నాడు. రెఫరీ రూతమ్మ రెండో అంపైరును అడక్కుండా విజిల్ ఊదింది. గెలుపూ ఓటమీ మారవు, నియమం అట్ల ఉండాది. తప్పు మాత్రం మా ఇద్దరిది."

నేను ఆమె వైపు తిరిగాను. తన పేరు చెబుతారని నాతో అనలేదు. అంతలో జనంలో కదలిక. కుమారి గుంపును తోసుకుంటూ వస్తోంది. నాయన చెయ్యి పట్టి లాగుతున్నాడు. "వద్దు పాపా, రా."

"ఉండు నాయనా." నేరుగా వచ్చి మేడం చేతిలోంచి మైకు అందుకుంది. "నేను కుమారి. ఏడో నంబరు. ఈ సారును తిట్టినాను. విజిల్ పెరికినాను. అది తప్పే." ఒక్క క్షణం ఆగింది. "కానీ కాలు తగిలింది!"

నవ్వులు, ఈలలు, తొడలు కొట్టిన చప్పుళ్ళు కలిసి ఆ మైదానం మీద లేచిన మోతను ఎలా రాయాలో నాకు ఈనాటికీ తెలియదు. ఒక్కటి మాత్రం చూశాను, ఇది నిజంగా చూశాను. చిత్తూరు జట్టు నాలుగో నంబరు అమ్మాయి నవ్వలేదు. తల వంచి తన కాలి బొటనవేలి వైపు చూసుకుంది.

కుమారి పిడికిలి విప్పి నా విజిల్ ఇచ్చింది. రెండు రోజులుగా అది ఆమె దగ్గరే ఉండిపోయిందట. తెగిన తాడును మేడం తీసుకుని, పంటితో బిగించి ముడి వేశారు. రిపోర్టు రెండు పేజీలుగా అయిదుకు పది నిమిషాలు ఉండగా వెళ్ళింది. జిల్లా సంఘం కుమారిని హెచ్చరించి వదిలింది. నన్ను మూడు నెలలు విజిల్ పట్టవద్దంది. మేడంను ఏమీ అనలేదు. "అట్లయితే నేనూ మూడు నెలలు కూర్చుంటా," అని ఆమె ఇంట్లోనే కూర్చున్నారు. ఆట రుతువు ముగిసేదాకా ప్రతి సోమవారం గుడ్డుబంతి చూస్తూ, చారల చొక్కాయిలను తిడుతూ, మెచ్చుకుంటూ గడిపాము. నా జీవితంలో అంత సంతోషకరమైన శిక్ష మరొకటి లేదు. కుమారిని గూడూరు శిబిరానికి రానిచ్చారు. ఆ ఏడు తీసుకోలేదు. మరుసటి ఏడు తీసుకున్నారు. రెండు రుతువులు, ఎక్కువ భాగం బెంచీ మీద. ఆ తరువాత ఆమె మేడం దగ్గరకు వచ్చి అంపైరు పరీక్షకు చదివింది. మేడం పోయి రెండేళ్ళు అవుతోంది.

ఈ ఉదయం తుడిచిన స్టవ్ మీది తడి ఇంకా ఆరకముందే ఫోను మోగింది. కుమారి.

"సార్, చూసినారా? ఎనక్కి తీసుకున్నాడు!"

"చూసినాను. పాలు పొంగిపోయినాయి."

"సార్, నిన్న పుత్తూరులో నాకొక రెయిడు కనపడలా. ఎదురుగా మనిషి అడ్డమొచ్చినాడు. రెఫరీ అడిగినాడు, చూసినావా అని. చూడలా అన్నాను. జనం ఒగటే ఎగతాళి. మైకు తీసుకోని మళ్ళీ సెప్పినాను."

"ఏమని చెప్పినావు?"

"అంపైరు కుమారి చూడలేదు, అని."

నేను డైరీ తెరిచి ఆ మాటను గంటతో సహా రాసుకున్నాను. అవతల ఆమె చూస్తున్న ఆటలో విజిల్ మోగింది. "సరే సార్, ఆట నడస్తాండాది," అని పెట్టేసింది.

ఈ సాయంత్రం నాకు కార్వేటినగరంలో రెఫరీ పని ఉంది. టేపు, సున్నం సర్దుకున్నాను. కోర్టు ఎవరి కోసమో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. విజిల్ మెడలో వేసుకున్నాను. తాడు మార్చలేదు. మేడం వేసిన ముడి వంగినప్పుడల్లా మెడ వెనక ఎముకకు తగులుతుంది. తగిలినప్పుడల్లా, చూసినావా అప్పా, అని ఆమె అడిగినట్లే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబులు రెండే: చూసినాను, చూడలేదు. ఒకప్పుడు ఒకటి గట్టిగా చెప్పి, రెండోది మింగేవాణ్ణి. ఇప్పుడు రెండింటికీ ఒకే గొంతు వాడతాను.